షేడు బాబు న్యూ, నా న్యూ

మా రోజుల్లో సూర్యాపేటకు ఇంగ్లీషు బడిలోంచి రాలేదు, నిచ్చెనెక్కి వచ్చింది. బడిలో అంతా ఉర్దూ, ఇంట్లో తెలుగు. ఇంగ్లీషన్నది పట్నంలో పెద్దవాళ్ళు మాట్లాడుకునే భాష అని వినడమే. అటువంటిది పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు నుంచి దుకాణాల నెత్తిన ఇంగ్లీషు అక్షరాలు మొలవడం మొదలైంది. వాటిలో అన్నిటికంటే ముందు మొలిచింది, అన్నిటికంటే ఎక్కువ పాకింది ఒక చిన్న విశేషణం. న్యూ. ఎన్, ఈ, డబ్ల్యూ, అంతే. ఆ మూడక్షరాలను చూసి నేను ఏడ్చినంత ఏడుపు నా జీవితంలో మరి దేన్ని చూసీ ఏడవలేదు. (కన్నీళ్ళ ఏడుపు కాదు. 'వాణ్ణి చూస్తే వీడికి ఏడుపు' అంటామే, ఆ ఏడుపు.) ఇప్పుడు ఎనభయ్యో ఏట తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, పందొమ్మిదేళ్ళప్పుడు ఆ మంటతో నాకు నెలన్నర పాటు అన్నం సయించలేదు.

మా నాన్న ఊళ్ళో వ్యవసాయం చూసుకుంటూ నన్ను చదువుకని సూర్యాపేటలో చిన్నాయన ఇంట్లో ఉంచాడు. చదువు ఏడో తరగతిలో నామీద అలిగి వెళ్ళిపోయింది. నేను మాత్రం చిన్నాయన దగ్గరే మిగిలిపోయాను. ఆయన పని బోర్డులు రాయడం. కచేరీలకు, దవాఖానకు, పెద్ద పెద్ద దుకాణాలకు ఉర్దూ బోర్డంటే చుట్టుపక్కల ఆయన చెయ్యే. నిచ్చెన రేకు కుడి కొసన వేసి, అక్కణ్ణుంచి ఎడమకు జరుపుకుంటూ రాసుకుపోయేవాడు. నాకు పదేళ్ళప్పట్నుంచి ఆ నిచ్చెన జరపడమే పని, తర్వాత ఆ నిచ్చెన మీదికి ఎక్కడమూ వచ్చింది. చిన్నాయనకు ఒక కట్టడి ఉండేది. ముందు బోర్డంతా సుద్దముక్కతో రాసి, కిందికి దిగి, దూరం నుంచి చూసి, అప్పుడు కుంచె ముట్టుకోవాలి. "సుద్ద అబద్ధమాడితె తుడిసెయ్యొచ్చురా. రంగు అబద్ధమాడితె ఊరంత సదువుతది" అనేవాడు. పొగడ్త అన్నది మాత్రం ఆయన నోట పుట్టలేదు. నేను రోజంతా ఎండలో నిలబడి, వంపు చెడకుండా, రంగు కారకుండా బోర్డు రాసి దిగితే, ఒకసారి తలెత్తి చూసి, "సరే, ఇగ డబ్బ మూతవెట్టు" అనేవాడు. తొమ్మిదేళ్ళలో నేను ఎన్ని డబ్బాలకు మూతలు పెట్టానో లెక్కలేదు.

యాక్షన్ తర్వాత ఉర్దూ బోర్డులు ఒక్కొక్కటే దిగడం మొదలుపెట్టాయి. తెలుగు బోర్డులు రాశాం గాని, జనం చూపు ఇంగ్లీషు మీద పడింది. సరిగ్గా అప్పుడే కోదాడ నుంచి ఒకాయన దిగాడు. నాకంటే మూడేళ్ళు పెద్ద ఉంటాడేమో. బెజవాడలో రెండేళ్ళు పని నేర్చుకున్నాడట. తెల్లటి పంచె, నున్నగా దువ్విన క్రాపు, మాటకు ముందొక 'అండీ', వెనకొక 'అండీ'. అక్షరం రాసి దాని పక్కన నీడ రాయడం ఆయన విద్య. ఆ నీడను ఆయన 'షేడు' అనేవాడు గనక ఊరు ఆయన్ని షేడు బాబు అన్నది. వచ్చిన వారానికే బస్సులు ఆగే చోట ఉన్న చాయ్ హోటలుకు బోర్డు రాశాడు: న్యూ హోటల్. ఆ హోటలు నేను పుట్టకముందు నుంచీ ఉంది. అందులో చాయ్ కాచే దేగిస నాకంటే వయసులో పెద్దది. అయినా ఆ బోర్డు ఎక్కిన రోజు జనం మూగి చూశారు. అక్షరాలు రేకు మీద ఉన్నట్టు లేవు, రేకులోంచి బయటికి లేచి నిలబడ్డట్టున్నాయి. చివ్వెంలవైపు నుంచి గొర్రెలు తోలుకొచ్చిన పెద్దమనిషి ఒకాయన తన పొడుగాటి కర్ర ఎత్తి డబ్ల్యూ మూలను పొడిచి చూసి, "లోపల గుల్లగ లేదు, సదునుగనే ఉన్నదివయ్యా" అని అందరికీ ధైర్యం చెప్పాడు.

ఇక న్యూకు పట్టపగ్గాలు లేవు. ఎదురు హోటలాయనకు కడుపు మండి, "వానికంటె ఎక్కువ న్యూ రాయాలె నాకు" అని పట్టుబట్టాడు. ఎక్కువ న్యూ అంటే ఏమిటో బాబుకూ తెలియదు. చివరికి న్యూ మూరెడు ఎత్తున, హోటల్ జానెడు ఎత్తున రాసి ఆయన్ని శాంతింపజేశాడు. మంగలి దుకాణం న్యూ అయింది, గొళ్ళెం ఊడిన చెప్పుల దుకాణం న్యూ అయింది. బియ్యం దుకాణాయన కూడా సరదాపడ్డాడు గాని, వాళ్ళావిడ బజారులోనే అడ్డం తిరిగింది. "కొత్తబియ్యం వండితె ముద్దయితదని పాతబియ్యానికి వస్తరు మనదగ్గరికి. న్యూ అని రాస్తె ఎవరొస్తరయ్యా?" ఆ ఒక్క బోర్డే ఊళ్ళో బోడిగా మిగిలింది. తర్వాత ఆ మాట బోర్డుల మీంచి దిగి ఇళ్ళల్లోకి వచ్చింది. మా వీధి దర్జీ పాత కోటు విప్పి, లోపలివైపు బయటికి తిప్పి కుట్టి, "న్యూ జేసిన" అని చేతికిచ్చేవాడు. జ్వరం తగ్గి లేచినవాణ్ణి "ఇగ న్యూ అయినవ్ పో" అనేవాళ్ళు. అత్తగారింటి నుంచి బట్టలు పెట్టించుకుని వచ్చిన అల్లుడు న్యూ, సున్నం వేసిన గోడ న్యూ, పళ్ళు కట్టించుకున్న పట్వారీ న్యూ. మా చిన్నమ్మ పొద్దుటి అన్నానికి ఉల్లిగడ్డ, ఎండుమిరపకాయల పోపు పెట్టి, "అన్నం న్యూ జేసిన, తినురి" అని పళ్ళేల్లో వేసిన రోజు నాకు గుండె కలుక్కుమంది. మా ఇంటి పొయ్యి మీదికి కూడా వచ్చాడు గదా వీడు అనుకున్నాను.

అదైనా ఓర్చుకునేవాణ్ణి. ఓర్వలేకపోయింది ఇంకొకటి. ఒక సాయంత్రం బజారు నుంచి వస్తుంటే, న్యూ హోటల్ బోర్డు కింద మా చిన్నాయన నిలబడి ఉన్నాడు. చూపు ఆనక కళ్ళు చికిలించుకుని, మెడ వెనక్కి వంచి, నోరు కొంచెం తెరిచి చూస్తున్నాడు. పక్కన బాబు చేతులు కట్టుకుని వినయంగా నిలబడి ఉన్నాడు. అప్పుడు మా చిన్నాయన, నా డబ్బా మూతల చిన్నాయన, ఎంతో తీరిగ్గా, "వాహ్" అన్నాడు. అంతటితో ఆగాడా? చెయ్యెత్తి గాలిలో ఆ డబ్ల్యూ వంకర గీసుకుంటూ మళ్ళీ "వాహ్" అన్నాడు. ఒక్క బోర్డుకు రెండు వాహ్‌లు! పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా. ఆ రాత్రి చిన్నమ్మ వేసిన జొన్నరొట్టె వేసినట్టే ఉంచి లేచాను.

ఆనాటి నుంచి నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గే గాని చెబుతాను. మధ్యాహ్నం ఎండకు బజారు ఖాళీ అయినప్పుడు వెళ్ళి బాబు బోర్డుల కింద నిలబడి తప్పులు వెతికేవాణ్ణి. దొరికేవి కావు. దొరక్కపోవడం ఇంకా మంట. ఆయన కొత్త బోర్డు రాసినప్పుడల్లా రంగు ఆరకముందే వాన పడాలని మొక్కుకునేవాణ్ణి. నా మొక్కు ఆలకించి వాన పడనే పడింది, మేము రాసిన కల్లు దుకాణం తెలుగు బోర్డు మీద. ఆయనతో ఎప్పుడైనా ఎదురుపడితే, "ఏమండీ, బాగున్నారా? మీ ఉర్దూ పనులు ఎట్లా ఉన్నాయండీ?" అని అడిగేవాడు. ఎత్తిపొడుస్తున్నాడనుకుని, "ఉన్నయ్ ఉన్నయ్, నీకెందుకు పరేషాన్" అని మొహం తిప్పుకునేవాణ్ణి. ఆయన అండీ అనేకొద్దీ నాకు నువ్వు అనాలనిపించేది. ఇంతా చేసి, ఒకనాడు ఎవరూ చూడకుండా ఆయన బోర్డుల మీది అక్షరాలన్నీ ఒక కాగితం మీదికి ఎక్కించుకున్నాను. కడుపుమంట ఎంతున్నా విద్య దగ్గర రోషం పనికిరాదు మరి.

అట్లా ఉండగా మిర్యాలగూడ నుంచి కబురొచ్చింది. అక్కడి బట్టల సావుకారు కొత్త దుకాణం తెరుస్తున్నాడు. పన్నెండడుగుల రేకు, మీద ఇంగ్లీషులో 'న్యూ క్లాత్ స్టోర్'. ఎవరో గుమాస్తాచేత ఆ మాటలు రాయించిన చీటీ కూడా పంపాడు. అంత పెద్ద బోర్డు ఆ ప్రాంతంలో అదే మొదటిది. దాన్ని రాసినవాడి చేతికే మిర్యాలగూడ బజారంతా పోతుంది. చిన్నాయన చీటీ అటూఇటూ తిప్పి చూసి, "రేపు బాబుతోని మాట్లాడత. ఆయినె పోతె మంచిగుంటది" అన్నాడు. నేను పక్కనే కూర్చుని కుంచెలు కడుగుతున్నాను. నన్ను అడగను కూడా అడగలేదు! ఆ నిమిషానే నిశ్చయం చేసుకున్నాను. ఆ బోర్డు నేను రాయాలి, ఆ బోర్డు కింద చిన్నాయన నిలబడాలి, మెడ వెనక్కి వంచాలి, వాహ్ అనాలి. ఒక్కటి చాలు. రెండో వాహ్ బాబు దగ్గరే ఉండనీ.

తెల్లవారగానే చీటీ జేబులో, డబ్బాలు సంచిలో పెట్టుకుని, ఆముదాల బస్తాలతో మిర్యాలగూడ పోతున్న బండి ఒకటి పట్టుకున్నాను. చిన్నమ్మతో మాత్రం చిన్నాయన పొమ్మన్నాడని చెప్పాను. మూసీ ఎండి ఇసుక తేలి ఉంది. దిగి బండి నెడుతూ, చెప్పులు చేతిలో పట్టుకుని నడుస్తూ, మరునాటి మధ్యాహ్నానికి చేరాను. సావుకారు నన్ను కిందినుంచి మీదికి చూసి, "పిలగా, ఇంగ్లీషు వస్తదా నీకు?" అన్నాడు. "సూర్యాపేటల బోర్డులన్ని మేమే గద రాసింది" అన్నాను. (మేము అనే మాటలో బాబును కూడా కలుపుకున్నాను. అవసరం అటువంటిది.)

సుద్దముక్క జేబులోనే ఉంది. కానీ సుద్దతో రాసి, దిగి, దూరం నుంచి చూసి, మళ్ళీ ఎక్కేసరికి బాబు బస్సు దిగితే? కిందా మీదా గీతలు మాత్రం కొట్టుకుని, నేరుగా కుంచె పట్టాను. నిచ్చెన ఎక్కడ వేశానని అడగండి. చేతులకు తొమ్మిదేళ్ళ అలవాటు. కుడి కొసన వేశాను. స్టోర్ మాటలోని చివరి అక్షరంతో మొదలుపెట్టి ఎడమకు జరుపుకుంటూ వచ్చాను. రాసింది ఇంగ్లీషే, నడిచింది మాత్రం ఉర్దూ తోవన. అక్షరాలు నాకు బొమ్మలే గనక ఎటునుంచి వేసినా ఒకటే అనుకున్నాను. స్టోర్ బ్రహ్మాండంగా కుదిరింది. షేడు కూడా వేశాను. క్లాత్ కుదిరింది. రెండో రోజు పొద్దున న్యూ దగ్గరికి వచ్చాను. ముందు డబ్ల్యూ. చిన్నాయన గాలిలో గీసుకున్న డబ్ల్యూ. ఉర్దూలో సీన్ అక్షరానికి రంపంలాంటి పళ్ళు వేసే చెయ్యి నాది. ఆ చేత్తో, నెలన్నర కడుపుమంటంతా కుంచెకు రాసి, కాళ్ళు బార్లా చాపిన డబ్ల్యూ వేశాను. మనసు చల్లబడింది. తర్వాత ఈ వేశాను. ఆ తర్వాత నిచ్చెన జరుపుదామని చూస్తే జరపడానికి రేకు లేదు. మిగిలింది నాలుగు వేళ్ళ జాగా.

తుడుద్దామంటే రంగు. చిన్నాయన మాట చెవిలో మోగింది, ఊరంత సదువుతది. చేసేదేం లేక ఆ నాలుగు వేళ్ళ సందులోనే, నిండు బస్సులో చివర ఎక్కినవాడు తలుపు పట్టుకుని నిలబడ్డట్టు, పొడుగ్గా సన్నగా ఒక ఎన్ నిలబెట్టాను. కిందికి దిగాను. సావుకారు చూశాడు. "ఏం పిలగా, గీ మొదటిది గింత బక్కగెందుకున్నది? కడుమయి లావుగున్నయ్ గద" అన్నాడు. "పట్నంల ఇప్పుడు గిట్లనే రాస్తున్నరు" అన్నాను. ఆయన నమ్మీ నమ్మనట్టు చూసి, "సూర్యాపేట నుంచి గా షేడు ఆయినె వస్తున్నడని ఇప్పుడే కబురొచ్చింది, అడుగుదాం" అన్నాడు.

అడుగుదాం అన్నంతసేపు పట్టలేదు. చిన్నమ్మ సంగతి చెప్పగానే చిన్నాయన బాబును వెంటేసుకుని బయల్దేరాడట, బస్సు మాత్రం మూడో రోజుకు గాని దొరకలేదట. ఆ సాయంత్రమే ఇద్దరూ బస్సు దిగి దుకాణం ముందుకు వచ్చారు. నేను నిచ్చెన చాటుకు పోయాను. (నిచ్చెన చాటున మనిషి దాగడని అప్పుడు తోచలేదు.) చిన్నాయన కళ్ళు చికిలించి చూశాడు. మెడ వెనక్కి వంచాడు. వాహ్ రాలేదు. బాబు చూశాడు, చాలాసేపు చూశాడు. బజారు జనం చేరారు. సావుకారు అడగనే అడిగాడు. "ఏమయ్యా, మొదటి అక్షరం గిట్ల బక్కగ రాసుడు పట్నపు పద్ధతేనా? నువ్వు జెప్పు."

నా బతుకంతా ఆ కోదాడ నాలుక మీద ఉంది. ఒక్కమాట అంటే చాలు, మిర్యాలగూడ ఆయనది, నేను మళ్ళీ బండెక్కి ఆముదాల బస్తాల మీద ఏడ్చుకుంటూ పోవడమే. ఆయన స్థానంలో నేనుంటే ఆ మాట అనేసేవాణ్ణి, ఆలస్యం కూడా చేసేవాణ్ణి కాదు. బాబు నా వంక ఒకసారి చూసి, "అవునండీ. ఇది మరీ కొత్త పద్ధతండీ. నాకింకా చెయ్యి తిరగలేదు" అన్నాడు. సావుకారు మొహం వెలిగింది. "అరె, చాయ్ తెప్పించురి వీళ్ళకు" అని కేకేశాడు. చిన్నాయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అవతలికి పోయాడు. భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

చాయ్ తాగేచోట బాబు పక్కన కూర్చోక తప్పలేదు. "ఎందుకట్ల జెప్పినవ్?" అన్నాను. ఆయన గ్లాసులోకి చూస్తూ, "ఎన్ పోతే పోయిందండీ. ఆ డబ్ల్యూ ఎట్లా వేశారండీ?" అన్నాడు. ఎగతాళేమోనని మొహంలోకి చూశాను. కాదు. ఆయన కళ్ళల్లో ఉన్నదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది, నెలన్నరగా రోజూ అద్దంలో చూస్తున్నదే. "ఏం చెప్పమంటారండీ, మీ చిన్నాయన గారు నన్ను బతకనివ్వడం లేదు. వచ్చి నా బోర్డు కింద నిలబడతారా, వాహ్ అంటారా, నేను సంతోషించేలోపలే 'ఇదే మా పిలగాడు రాస్తె గీడ ఇంకో తీరు వంపు వస్తుండె' అని గాలిలో గీసి చూపిస్తారు. రోజూ ఇదేనండీ. మా పిలగాడు, మా పిలగాడు. మీరు రాసిన దవాఖాన బోర్డు దింపేస్తున్నారంటే పరుగెత్తుకెళ్ళి చూసొచ్చానండీ. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు. మీ ఉర్దూ పనులు ఎట్లా ఉన్నాయని మిమ్మల్ని ఎన్నిసార్లు అడిగానో. నేర్పుతారేమోనని ఆశ. మీరేమో మొహం తిప్పుకుపోయేవారు."

నేను చాయ్ తాగడం మరిచిపోయాను. నాది కాదని నేను ఏడ్చిన రెండో వాహ్, ఆ గాలిలో గీసిన డబ్ల్యూ, అది నాదేనన్నమాట.

తిరుగు బస్సు కోసం నిలబడ్డప్పుడు చిన్నాయనను పట్టుకున్నాను. ఉక్రోషం ఆపుకోలేక, "నా ముందర ఒక్కపాలి అంటె ఏంబోయింది చిన్నాయనా?" అన్నాను. ఆయన నా వైపు చూడకుండా, "మనోని మొఖం మీద అంటరారా? చెయ్యి ఆగిపోతది. పైంగ దిష్టి" అన్నాడు. "గని ఎన్‌కు జాగ ఇడువాలె గద, బేవకూఫ్" అని నా నెత్తిమీద ఒకటి మొట్టాడు. ఆ మొట్టికాయ ఇప్పటికీ తీయగానే ఉంది.

కథ అక్కడితో అయిపోతే బాబు అదృష్టవంతుడే. సావుకారు దుకాణం బాగా నడిచింది. అది బక్క ఎన్ మహిమేనని బజారు నమ్మింది. పక్క దుకాణం వాళ్ళకు ఓర్వలేనితనం పుట్టి, వాళ్ళూ అదే కావాలన్నారు. హుజూర్‌నగర్ దాకా పాకింది. మూడు నాలుగేళ్ళ పాటు ఆ వైపు న్యూ రాయాలంటే మొదటి అక్షరం నాలుగు వేళ్ళే ఉండాలి. పాపం, బాబు పన్నెండడుగుల రేకుల మీద బోలెడు జాగా ఉంచుకుని, ఒక మూలకు నక్కిన ఎన్ రాయలేక చచ్చేవాడు. "మీరు చేసిన పాపమండీ, నేను మోస్తున్నాను" అనేవాడు. తర్వాత మేమిద్దరం కలిసే రాశాం, ముప్ఫయ్యేళ్ళు. నేను ఆయనకు సీన్ పళ్ళు నేర్పాను, ఆయన నాకు షేడు నేర్పాడు. నువ్వు అని పిలవడం ఆయనకు చివరిదాకా రాలేదు. ఆయన పోయిన రోజు కోదాడ వెళ్ళి, వాళ్ళింటి గుమ్మం మీద ఆయన రాసుకున్న పేరు చూస్తూ నిలబడ్డాను. వాహ్ అనుకున్నాను గాని, వినాల్సినవాడు లోపల పడుకుని ఉన్నాడు.

మొన్న, బోర్డుల షాపు నడిపే మా మనవడు కంప్యూటర్ మీద ఒక బోర్డు చేసి చూపించాడు. ఇప్పుడు కుంచెలు లేవు, నిచ్చెన లేదు, అంతా మిషన్లోంచి వస్తుంది. వాడు చేసింది చూస్తే కళ్ళు చెదిరాయి. అక్షరం పక్కన పడిన నీడలో బాబు కనిపించాడు, వంపులో చిన్నాయన. నోటిదాకా వచ్చిన మాట మింగి, "సరే, ఇగ మిషన్ బందువెట్టు" అన్నాను. వాడి మొహం మాడిపోయింది. "అంతేనా తాతా? ఎదురు షాపోని బోర్డు కింద నిలబడి మంచిగున్నదన్నవంట గద, వాడే చెప్పిండు" అన్నాడు. అన్నాను నిజమే. అక్కడ ఇంకేమన్నానో మాత్రం ఆ ఎదురు షాపువాడు వీడికి చెప్పలేదన్నమాట. చెప్పడు. మా వాడే నెలన్నర ఓపిక పట్టాలి. ఆ రాత్రి మా వాడు పళ్ళెం ముందునుంచి సగం తిండితో లేచిపోతుంటే వెనకనుంచి చూశాను. అచ్చం నా నడకే.